కటాఫ్ దగ్గర ఆగిపోయినవాళ్ల కోసం నా కానిస్టేబుల్ ప్రిపరేషన్

రెండు మూడు మార్కులతో పోయినవాళ్ల కోసం, 1600 మీటర్లలో కొన్ని సెకన్లతో పోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మాది కొండపి పక్కన పల్లెటూరు. ఒంగోలులో రూమ్ తీసుకుని, పొగాకు సీజన్‌లో ఇంటికి పోయి వస్తూ చదివాను. 2018 ఏపీ పోలీసు కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో ప్రిలిమ్స్, ఈవెంట్స్ (పరుగు, లాంగ్ జంప్ పరీక్షలు) దాటి మెయిన్స్ కటాఫ్ దగ్గర ఆగిపోయాను. మళ్లీ నోటిఫికేషన్ పడింది 2022 నవంబరులో, 6,100 పోస్టులకి.

పోయినప్పుడు అందరూ చెప్పేది ఒకటే, ఇంకా కష్టపడు అని. ఆ మాట నేను ఒప్పుకోను. ఎక్కడ పోయిందో చూసుకోకుండా రోజుకి ఇంకో రెండు గంటలు కూర్చుంటే వచ్చినవే మళ్లీ చదువుతాం, రానివి అట్టాగే ఉంటాయి. నేను ఆన్సర్ కీ ముందు పెట్టుకుని, టైం చూసుకోకుండా పాత పేపర్ మొత్తం మళ్లీ చేశాను. హాల్లో వదిలేసిన అర్థమెటిక్ బిట్లు చాలావరకు వచ్చేశాయి! అంటే చాప్టర్లు రాక కాదు, లెక్క కట్టడంలో స్పీడ్ లేక పోయింది. అప్పటి నుంచి కొత్త పుస్తకాలు కొనడం మానేసి, పొద్దున్నే పుస్తకం తెరవకముందే వర్గాలు, ఘనాలు, భిన్నాలను శాతాల్లోకి మార్చడం నోటితో చెప్పుకునేవాడిని. బోరుగా ఉంటుంది, నెలల తరబడి ఏ మార్పూ కనిపించదు, తర్వాత ఒక టెస్టులో ఉన్నట్టుండి పది నిమిషాలు మిగులుతాయి.

గ్రౌండ్‌లోనూ ఇదే. సివిల్ పోస్టుకి మగవాళ్లు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తి చేయాలి, దాంతోపాటు 100 మీటర్లు 15 సెకన్లలో గానీ, లాంగ్ జంప్ 3.80 మీటర్లు గానీ ఏదో ఒకటి క్వాలిఫై కావాలి. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు ల్యాపులు, ల్యాపుకి 2 నిమిషాలు. చెప్పడానికి తేలికే, కానీ విజిల్ వేయగానే పక్కవాడిని చూసి మొదటి ల్యాప్ నిమిషంన్నరలో కొట్టేసి మూడో ల్యాపులో పిక్కలు పట్టేసి నడిచేవాళ్లు ఎంతమందో. మాకు ప్రాక్టీస్ చేయించిన మాస్టారు ప్రతి ల్యాప్ టైమూ విడిగా రాసేవారు. "అబ్బయ్యా, మొదటి రౌండులో ఎవరినీ దాటబాకు, నీ టైం పోయేది మూడో దాంట్లో" అనేవారు. రోజూ 1600 పరిగెత్తనిచ్చేవారు కాదు. 400 మీటర్లు గట్టిగా పరిగెత్తి, కాస్త నడిచి, మళ్లీ 400. వారానికి ఒకసారి మాత్రమే మొత్తం దూరం. లాంగ్ జంప్‌లో ఇసుకలో పడ్డాక చెయ్యి వెనక్కి ఆనిస్తే ఆ గుర్తు నుంచే కొలుస్తారు, కాబట్టి ముందుకి పడటం కూడా అలవాటు చేసుకోవాలి.

అన్నిటికంటే కష్టం ఎదురుచూడటం. 2023 జనవరి 22న ప్రిలిమ్స్ రాశాం, ఈవెంట్స్ మొదలైంది 2024 డిసెంబరు చివర్లో. దగ్గర దగ్గర రెండేళ్లు. ఇదిగో ఈవెంట్స్, అదిగో ఈవెంట్స్ అంటూ పుకార్లు, టెన్షన్, ఇంట్లో సంబంధాల మాటలు. నాతో పాటు పరిగెత్తినవాళ్లలో బాగా పరిగెత్తేవాళ్లే మానేసి హైదరాబాద్, బెంగళూరు పనులకి వెళ్లిపోయారు, వాళ్లని తప్పుపట్టలేను, ఇల్లు గడవాలి. నేను చేసిందల్లా తక్కువ చేసైనా తెగకుండా చేయడం. పొగాకు ఆరబెట్టే బ్యారన్ కాల్చే రోజుల్లో రాత్రంతా పొయ్యి దగ్గర వేడి చూసుకుంటూ ఉండాలి, అక్కడే పాలిటీ, హిస్టరీ బిట్లు చదువుకున్నాను. ఆ రోజుల్లో పరుగు వారానికి మూడు రోజులే. కానీ దమ్ము తగ్గలేదు, తేదీలు రాగానే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే పని తప్పింది.

ఆ టైంలో నేను పదే పదే తలుచుకున్నది మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీని. 2020లో 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తితే డోప్ పరీక్ష జరగలేదని జాతీయ రికార్డుగా తీసుకోలేదు. 2022 ఏప్రిల్‌లో 13.09 పరిగెత్తింది, ఈసారి వెనక నుంచి వీచే గాలి వేగం సెకనుకి 2.1 మీటర్లు, అనుమతి 2.0 వరకే, అందుకే అదీ రికార్డుగా లెక్కలోకి రాలేదు. ఆ 0.1 గాలి ఆమె చేతిలో ఉందా చెప్పండి? మరుసటి నెలలోనే సైప్రస్‌లో 13.23తో 2002 నాటి అనురాధా బిస్వాల్ 13.38 రికార్డు దాటేసింది. 2023లో ఆసియా చాంపియన్‌షిప్ స్వర్ణం, 2024లో పారిస్ ఒలింపిక్స్. లెక్కలోకి రాని ఆ రెండు పరుగులు కూడా ఆమె కాళ్లలోనే ఉన్నాయి కదా అనిపించేది నాకు. మనకి పోయిన నోటిఫికేషన్ కూడా అంతే, చదివింది ఎక్కడికీ పోలేదు.

మెయిన్స్ 2025 జూన్ 1న, సరిగ్గా రోహిణి కార్తెలో. అందుకే మే నెలంతా మోడల్ పేపర్లు ఫ్యాన్ కింద పడుకుని కాకుండా, పరీక్ష టైంకే, బల్ల మీద కూర్చుని, మూడు గంటలూ లేవకుండా రాశాను. ఆగస్టులో వచ్చిన లిస్టులో నా నంబర్ ఉంది.

ఇప్పుడు పోయినవాళ్లు ఒక వారం ఫోన్ పక్కన పెట్టి ఇంట్లో ఉండండి, ఏడుపొస్తే ఏడవండి. తర్వాత కీ తీసుకుని కూర్చోండి. మోకాలి కింద కాలి ముందు ఎముక నొప్పి ఉన్నవాళ్లు మాత్రం తారు రోడ్డు మీద పరిగెత్తడం వెంటనే ఆపండి, నొప్పి తగ్గకపోతే డాక్టరుకి చూపించండి, పంతానికి పోవద్దు. ఒంగోలు చుట్టుపక్కల ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా సరే, నాకు సెలవు దొరికిన ఆదివారాల్లో గ్రౌండ్‌కి వస్తే వాచ్ పట్టుకుని ల్యాప్ టైములు నేను రాసిపెడతాను.