ఐప్యాడ్ మధ్యాహ్నం, ఒబామా రాత్రి

2010 జనవరి 27న అమెరికాలో రెండు పెద్ద వార్తలు ఒకే రోజు పడ్డాయి. న్యూయార్క్ సమయం ప్రకారం మధ్యాహ్నం ఒంటిగంటకి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ ఐప్యాడ్ అనే టాబ్లెట్ కంప్యూటర్‌ని మొదటిసారి చూపించాడు. రాత్రి తొమ్మిదింటికి వాషింగ్టన్‌లో ఒబామా తన మొదటి స్టేట్ ఆఫ్ ది యూనియన్ (అధ్యక్షుడు ఏటా చట్టసభల ముందు దేశ పరిస్థితి చెప్పే) ప్రసంగం చేశాడు. నిరుద్యోగం 10 శాతం దగ్గరుంది, అంతకు వారం ముందే మసాచుసెట్స్ సెనేట్ సీటు ఒబామా పార్టీ అయిన డెమోక్రాట్ల చేజారి ఆరోగ్య బీమా బిల్లు అటకెక్కేలా ఉంది, జనమేమో టాబ్లెట్ గురించి మాట్లాడుకుంటున్నారు. దేశం ఏమైపోతుందో అని వాపోయేవాళ్లు ఇలాంటప్పుడు తప్పకుండా బయల్దేరతారు.

నాకు ఈ ఏడుపు మీద పెద్దగా నమ్మకం లేదు. ఆ ప్రసంగాన్ని టీవీలో దాదాపు 4.8 కోట్ల మంది చూశారు. ఐప్యాడ్ కార్యక్రమాన్నైతే కంపెనీ లైవ్‌లో ఇవ్వను కూడా ఇవ్వలేదు, హాల్లో కూర్చున్న విలేకరులు ఒక్కో లైను టైప్ చేసి పెడుతుంటే బయటివాళ్లు పేజీ రిఫ్రెష్ చేసుకుంటూ చదివారు. చూసినవాళ్లను లెక్కపెడితే ప్రసంగానికి వచ్చిన లోటేమీ లేదు. లోటంతా మర్నాటి కబుర్లలోనే.

దానికి కారణం జనానికి బుద్ధి లేకపోవడం కాదని నా అనుమానం, అసలు కారణం సస్పెన్స్. ఐప్యాడ్ ధర 999 డాలర్లు ఉంటుందని వారాల తరబడి ఊహాగానాలు నడిచాయి. జాబ్స్ అదే అంకెని తెర మీద పెట్టి, కాసేపు అలాగే వదిలేసి, తర్వాత దాన్ని బద్దలు కొట్టి 499 చూపించాడు. (ఆ 999 పుకారు ఎవరు పుట్టించారోగానీ, పనికొచ్చింది మాత్రం కంపెనీకే.) ఒబామా ప్రసంగంలో పెద్ద ప్రతిపాదన ఒకటి, ప్రభుత్వ ఖర్చులో కొంత భాగాన్ని మూడేళ్లపాటు పెంచకుండా ఆపడం, రెండు రోజుల ముందే పేపర్లలో వచ్చేసింది. ఇక రాత్రి తొమ్మిదింటికి కూర్చుని కొత్తగా వినడానికి ఏముంది?

కొత్తగా జరిగింది ఒకటే. ఎన్నికల్లో కంపెనీల ఖర్చు మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుని ఒబామా తప్పుపడుతుంటే, ఎదురుగా కూర్చున్న జస్టిస్ అలీటో తల అడ్డంగా ఊపుతూ నిజం కాదన్నట్టు పెదాలు కదిపాడు. మర్నాడు ఆ ముక్క గురించి అందరూ మాట్లాడారు. స్క్రిప్ట్‌లో లేనిది జరిగితే రాజకీయాన్ని కూడా ఫోన్ లాంచ్‌ని చూసినట్టే కళ్లార్పకుండా చూస్తారు.

ఇంకో సంగతి, కొనాలా వద్దా అనేది మనం నిర్ణయించుకోగలిగిన ప్రశ్న. బిల్లు సెనేట్‌లో ఎక్కడ ఇరుక్కుంది, నాకు దాంతో ఏమవుతుంది అంటే ఆ వారం సెనేటర్లే సరిగ్గా చెప్పలేకపోయారు, అలాంటప్పుడు మామూలు మనిషి ధర గురించి వాదించుకోవడంలో వింతేముంది.

ఇది తెలిసే కంపెనీలు ఇప్పుడు డేట్ పెట్టేముందు రాజకీయ క్యాలెండర్ కూడా చూసుకుంటున్నాయనిపిస్తుంది. ఎక్కువగా మంగళవారాలు వచ్చే ఐఫోన్ కార్యక్రమం 2024లో సెప్టెంబర్ 9, సోమవారం జరిగింది. మంగళవారం రాత్రి ట్రంప్, కమలా హ్యారిస్ డిబేట్. ఎందుకు జరిపారో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

అయితే నిజంగా పెద్ద విషయాన్ని డేట్ పూర్తిగా మింగెయ్యలేదు, కొంచెం ఆలస్యం చేస్తుందంతే. చైనా కంపెనీ డీప్‌సీక్ చేసిన ఆర్1 అనే ఏఐ మోడల్ 2025 జనవరి 20న వచ్చింది, అంటే ట్రంప్ ప్రమాణ స్వీకారం రోజున. టీవీల్లో ఆ రోజు దాని ఊసు పెద్దగా లేదు. వారం తిరిగేసరికి, 27న, దాని దెబ్బకి ఏఐ చిప్‌లు చేసే ఎన్విడియా మార్కెట్ విలువ ఒక్క రోజులో దాదాపు 59,000 కోట్ల డాలర్లు పడిపోయింది. స్టేజీ లేదు, నల్ల టీషర్టు లేదు, కౌంట్‌డౌన్ లేదు, అయినా అందరూ దాని గురించే మాట్లాడారు.

కాబట్టి గాడ్జెట్ వర్సెస్ రాజకీయం పోటీలో ఎవరు గెలిచినా నాకు టెన్షన్ లేదు, ఇద్దరికీ ప్రచారం చేసిపెట్టే మనుషులున్నారు. ఎవరూ లేని మూడో వార్త సంగతే వేరు. 2010లో అదే నెల 12న హైతీలో భూకంపం వచ్చింది, లక్షకి పైగా చనిపోయారని అంచనాలు. పదిహేను రోజుల తర్వాత ఒబామా ప్రసంగంలో దానికి దక్కింది కొద్ది వాక్యాలే. స్వీడన్ ఆర్థికవేత్తలు ఇద్దరు 2007లో ఒక పరిశోధన అచ్చువేశారు. 1968-2002 మధ్య జరిగిన సుమారు 5,000 ప్రకృతి విపత్తులు తీసుకుని చూస్తే, ఒలింపిక్స్ లాంటి పెద్ద వార్తలు నడుస్తున్నప్పుడు వచ్చిన విపత్తులకి అమెరికా ప్రభుత్వ సాయం అందే అవకాశం తగ్గిందట. కొత్త ఫోన్లు వచ్చే వారాల మీద కూడా ఎవరైనా ఇలాంటి లెక్క తీస్తే చదవాలని ఉంది.