శనగలో ఎండు తెగులుకు ట్రైకోడెర్మా

ప్రకాశం, కర్నూలు జిల్లాల నల్లరేగడి నేలల్లో శనగ వేసే రైతులకు ఎండు తెగులు కొత్త కాదు. పచ్చగా ఉన్న మొక్క ఉన్నట్టుండి వడలిపోతుంది; దాన్ని పీకి కాండాన్ని నిలువుగా చీల్చి చూస్తే లోపల ముదురు గోధుమరంగు చార కనిపిస్తుంది. ఆ దశలో పైన ఏ మందు కొట్టినా ఆ మొక్క బతకదు. దీనికి కారణమైన ఫ్యుజేరియం శిలీంధ్రం, శనగ వేయకపోయినా, 6 ఏళ్ల వరకు నేలలో జీవించి ఉండగలదు కాబట్టి, నివారణ విత్తడానికి ముందే మొదలు కావాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఇందుకు ట్రైకోడెర్మా విరిడి అనే మేలుచేసే శిలీంధ్రం పనికొస్తుంది. కిలో విత్తనానికి దాని పొడిని 10 గ్రాములు పట్టించడం తేలికే. నేలకు వేయడంలోనే ఓపిక కావాలి. ఎకరాకు 90 కిలోల చివికిన పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, నీళ్లు చిలకరించి, నీడలో గోనెపట్టాలు కప్పి వారం పది రోజులు ఉంచితే, కుప్పపై తెల్లని బూజు అల్లుకుని క్రమంగా ఆకుపచ్చగా మారుతుంది. దాన్ని తేమ ఉన్న నేలలోనే చల్లాలి. అక్కడ ఈ మేలుచేసే శిలీంధ్రం తెగులు శిలీంధ్రపు పోగులను చుట్టుకుని, ఎంజైములతో వాటి గోడలను కరిగించి ఆహారంగా తీసుకుంటుంది. అయితే తెగులు ఉధృతంగా ఉన్న పొలంలో ఇదొక్కటే చాలదు. ఎండు తెగులును తట్టుకునే జేజీ 11 వంటి రకాన్ని ఎంచుకోవడం, జొన్నతో పంట మార్పిడి చేయడం కూడా తప్పనిసరి.