పీఈటేజ్ జన్యువును ఆర్డరిచ్చి తెప్పించుకున్నాం

ప్లాస్టిక్ సీసాల పీఈటీని తినే ఇడియోనెల్లా సకైయెన్సిస్ అనే బాక్టీరియా గురించి జపాన్ శాస్త్రజ్ఞులు 2016లో ప్రకటించారు. ఆ ప్లాస్టిక్‌ను ముక్కలు చేసే ఎంజైమే పీఈటేజ్. హైదరాబాద్‌లోని మా ల్యాబ్‌లో దాని మీద పని మొదలుపెడదామనుకుంటే బాక్టీరియా లేదు, దాని డీఎన్ఏ లేదు. ఉన్నదల్లా డేటాబేస్‌లోని ప్రోటీన్ సీక్వెన్స్. "అది చాలమ్మా, జన్యువు మనమే రాసి తెప్పించుకుందాం" అన్నారు మా మేడమ్. శాస్త్రవేత్త హరగోవింద్ ఖొరానా బృందం 1970లో పూర్తిచేసిన, 77 జతల డీఎన్ఏ అక్షరాల జన్యువుకు ఏళ్లు పట్టింది. మాకు కావలసింది సుమారు 800 జతలు!

బయోసేఫ్టీ కమిటీ అనుమతి వచ్చాక ఆర్డరు ఫైలు పట్టుకుని కూర్చున్నాను. ఎక్కువ సమయం తిన్నది అదే. ఎంజైమును కణం బయటికి పంపే సిగ్నల్ పెప్టైడ్, అంటే మొదటి 27 అమైనో ఆమ్లాలు, తీసేశాను. మిగతాదానికి, మేం ఎంజైమును తయారుచేయించబోయే ఈ.కోలై బాక్టీరియాకు అలవాటైన కోడాన్లు (ఒక్కో అమైనో ఆమ్లాన్ని సూచించే మూడేసి డీఎన్ఏ అక్షరాలు) పెట్టించాను. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన మొదటి డ్రాఫ్టును కంపెనీ పోర్టల్ తిప్పికొట్టింది: ఒకచోట జీ, సీ అక్షరాలు గుంపుగా పడ్డాయి, ఇంకోచోట అదే వరుస మళ్లీ వచ్చింది. ప్రోటీన్ మారకుండా కోడాన్లు ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చాను. మధ్యలో డీఎన్ఏను కత్తిరించే ఎక్స్‌హో-వన్ అనే ఎంజైము కోసే వరుస సీటీసీజీఏజీ కనిపించింది. కొసలు సరిపోలే డీఎన్ఏ ముక్కల్ని అతికించే గిబ్సన్ పద్ధతికి అది అడ్డు కాదు కానీ, రేపు ఈ జన్యువును వేరే వెక్టర్‌లోకి (జన్యువును బాక్టీరియాలోకి మోసుకెళ్లే గుండ్రటి డీఎన్ఏలోకి) మార్చాలంటే ఇబ్బందని దాన్నీ తీసేశాను. రెండు కొసల్లో మేం వాడే పీఈటీ-28ఏ వెక్టర్‌తో (పేరులో పీఈటీ ఉన్నా ప్లాస్టిక్‌తో సంబంధం లేదు) సరిపోలే 25 అక్షరాలు చేర్చి పంపాను.

పార్సిల్‌లో వచ్చిన ట్యూబు ఖాళీగానే కనిపిస్తుంది. పొడి మూతకు అంటుకుని ఉండొచ్చు కాబట్టి తెరిచే ముందు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాల్సిందే. టీఈ బఫర్‌లో కరిగించి, కత్తిరించిన వెక్టర్‌తో కలిపి 50 డిగ్రీల దగ్గర గంటసేపు పెట్టాను. ఒక ఎంజైము డీఎన్ఏ కొసల్లో ఒక పోగును కొరుకుతుంది, సరిపోలే కొసలు జతకడతాయి, పాలిమరేజ్ అనే ఎంజైము ఖాళీలు నింపుతుంది, లైగేజ్ అనేది అతుకు వేస్తుంది. దాన్ని ఈ.కోలైలోకి ఎక్కించాక, మర్నాడు పొద్దున కనామైసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్న ప్లేటు మీద, వెక్టర్ చేరిన బాక్టీరియా కాలనీలు వచ్చాయి.

ల్యాబ్‌లో అందరూ అక్కడే సంబరపడ్డారు. నాకు మాత్రం సీక్వెన్సింగ్ ఫలితం చూసేదాకా నమ్మకం కుదరలేదు. కంపెనీ పంపే, క్లోన్ చేయని (బాక్టీరియాలో ఒకే నకలుగా పెంచని) ముక్క అంటే ఒకే అణువు కాదు. ఆలిగోలనే చిన్న డీఎన్ఏ పోగుల్ని అతికించి చేసినవి కోట్లలో ఉంటాయి, వాటిలో కొన్నిటికి తప్పులుంటాయి. అనుకున్నట్టే ఒక కాలనీలో ఒక్క 'ఏ' ఎగిరిపోయింది, అక్కడి నుంచి ప్రోటీనంతా గల్లంతు. జన్యువు పొడవు మాత్రమే చూపే కాలనీ పీసీఆర్ పరీక్షలో అది మిగతావాటి పక్కన బుద్ధిగా ఒకే ఎత్తులో నిలబడింది! అందుకే ముక్క ఖర్చుతోపాటు నాలుగైదు కాలనీల సీక్వెన్సింగ్ ఖర్చూ బడ్జెట్‌లో రాసుకోండి.

తప్పులేని క్లోన్‌ను ప్రోటీన్ తయారీకి వాడే ఈ.కోలై రకం బీఎల్21లోకి మార్చాం. ప్రోటీన్లను పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్ మీద 30 కిలోడాల్టన్ల దగ్గర మందపాటి గీత వచ్చింది. ఇక 2018లో ప్రచురితమైన, రెండు అమైనో ఆమ్లాలు మార్చిన పీఈటేజ్ రకం కావాలి. మేడమ్ మళ్లీ ముక్క తెప్పిద్దామంటున్నారు. రెండు చోట్ల మార్పుకు ప్రైమర్లు (మార్పు రాసి ఉన్న చిన్న డీఎన్ఏ పోగులు) చాలు, చవక కూడానని నా వాదన.