శ్రావణం వస్తే మా బెల్లానికి దురద

నా కొలతల పుస్తకం ముందు నుంచి తెరిస్తే జాకెట్ల కొలతలు ఉంటాయి. వెనక నుంచి తెరిస్తే మా కుక్క బెల్లం దురద లెక్కలు ఉంటాయి. తేదీ, ఆ రోజు వాన పడిందా లేదా, ఒంట్లో ఎక్కడ గోక్కుంది, దురద ఎంతుందో సున్నా నుంచి పది దాకా ఒక అంకె. 2023 నుంచి రాస్తున్నాను. ఈ మధ్య మా వీధిలోనే ఇద్దరు ఆపి అడిగారు, "మా కుక్క ఒకటే గోక్కుంటోంది అక్కా, నువ్వేం మందు వాడావు?" అని. మందు పేరు ఒకటి చెప్పేసి ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు. అందుకే అంతా రాస్తున్నాను.

బెల్లం వీధి కుక్కే. 2020 లాక్‌డౌన్‌లో, విజయవాడ పక్కన కానూరులో మా సందు చివర ఆగిపోయిన లారీ కింద దొరికింది. అప్పటికి రెండు నెలల పిల్ల. ఒళ్లంతా బెల్లం రంగు, నాలుగు పాదాలు మాత్రం తెలుపు. పేరు మా అబ్బాయి పెట్టాడు. మొదటి రెండు వానాకాలాలు ఏ గొడవా లేకుండా గడిచాయి. 2022లో, దానికి రెండేళ్లు నిండాక, శ్రావణమాసంలో మొదలైంది.

శ్రావణమాసమంటే ఏమిటో కుట్టుపని చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు. వరలక్ష్మీ వ్రతానికి జాకెట్లు, పెళ్లిళ్లకి జాకెట్లు, రాత్రి ఒంటిగంట దాకా మిషన్ మీదే. మిషన్ ఆపిన ప్రతిసారీ బల్ల కింద నుంచి చప్పుడు వినపడేది. పాదాలు నాక్కుంటున్న చప్పుడు. నేను బయటికి తీసుకెళ్లడం తగ్గింది కదా, బెంగ పెట్టుకుని అలా చేస్తోందనుకున్నాను. కార్తీకం వచ్చేసరికి తగ్గిపోయింది. అప్పటికి నా పని కూడా తగ్గింది కాబట్టి, అదే కారణమని గట్టిగా నమ్మాను.

2023లో ఆ నమ్మకం పోయింది. ఆ ఏడాది అధిక శ్రావణం వచ్చింది. అధిక మాసంలో ముహూర్తాలుండవు, నాకు పనీ ఉండదు. పొద్దునా సాయంత్రం దాన్ని కాలువ గట్టు దాకా తిప్పి తెస్తున్నాను, మధ్యాహ్నమంతా పక్కనే కూర్చుంటున్నాను. అయినా గోక్కోవడం ఆగలేదు, ముందు ఏడాది కంటే ఎక్కువైంది. హైదరాబాద్ నుంచి ఫోన్ చేసిన మా అబ్బాయితో చెబితే, "ఊరికే టెన్షన్ పడకు, రోజూ రాసిపెట్టు" అన్నాడు. పుస్తకం వెనక పేజీలు అలా మొదలయ్యాయి.

అప్పుడు దాని ఒళ్లు ఎలా ఉండేదో చెబుతాను. తెల్ల పాదాలు తుప్పు రంగుకి తిరిగాయి. మట్టి అనుకుని సబ్బు పెట్టి రుద్దాను, పోలేదు. కుక్క లాలాజలంలో ఉండే పదార్థాల వల్ల ఎప్పుడూ నాక్కునే చోట తెల్ల బొచ్చు అలా మారుతుందని తర్వాత తెలిసింది. వేళ్ల సందులు విడదీసి చూస్తే ఎర్రగా, చెమ్మగా, పులిసిన పిండి వాసన. చెవి మడత తిప్పితే ముదురు రంగు గులిమి. చంకల్లో, గజ్జల్లో బొచ్చు పల్చబడి, చర్మం ముందు ఎర్రబడి, నెల తిరిగేసరికి నల్లగా మందంగా తయారైంది. వేలితో తడిమితే ఏనుగు తోలులా తగిలేది. ముఖాన్ని సోఫా అంచుకి రాసుకునేది. నడుము మీద, తోక మొదట్లో మాత్రం ఏమీ లేదు. అది కూడా ముఖ్యమైన గుర్తని నాకప్పుడు తెలియదు.

గన్నవరం పశువుల ఆస్పత్రికి వెళ్లేలోపు మా ఇంట్లో జరిగిన పొరపాట్లు కొన్ని ఉన్నాయి. వాటిని దాచితే ఇది రాసి ఉపయోగం లేదు.

మొదటిది కర్పూరం. మనుషులకి దురదొస్తే మన ఇళ్లల్లో కొబ్బరినూనెలో కర్పూరం వేసి వేడి చేసి రాస్తాం కదా, మా అత్తయ్య ప్రేమతోనే దాని పొట్టకి రాసింది. పావుగంటలో బెల్లం అంతా నాకేసింది. కుక్క ఒంటికి ఏది రాసినా సగం కడుపులోకే పోతుంది. కర్పూరం కుక్కలకి విషం, ఎక్కువైతే ఫిట్స్ కూడా వస్తాయి. మాకు వాంతులతో పోయింది. టీ ట్రీ ఆయిల్ కూడా అలాంటిదే. కొన్ని ఊళ్లల్లో గజ్జి కుక్కలకి కిరోసిన్, కాలిన ఇంజిన్ ఆయిల్ పూస్తారు. దయచేసి ఎవరైనా చేస్తుంటే ఆపండి.

రెండోది మాత్ర. మందుల షాపులో అలర్జీకని అడిగితే జలుబు మాత్ర చేతిలో పెట్టారు. వేసేముందు మా అబ్బాయికి ఫొటో పంపాను కాబట్టి సరిపోయింది. సెట్రిజిన్‌తో పాటు పారాసెటమాల్, ఫినైలెఫ్రిన్ కూడా ఉన్నాయి అందులో. కుక్కకి అవి ప్రమాదం. ఉత్త సెట్రిజిన్ అయినా, దురద ముదిరిన కుక్కల్లో చాలావాటికి పెద్దగా పని చేయదు.

మూడోది ఇంజెక్షన్. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో చూడగానే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేశారు. ఆ రాత్రే హాయిగా నిద్రపోయింది. నా పుస్తకంలో అంకె 8 నుంచి 1కి దిగింది. పన్నెండో రోజుకి మళ్లీ 8. ఇంకోటి చేశారు, మళ్లీ అంతే. మధ్యలో బకెట్ల కొద్దీ నీళ్లు తాగడం, రాత్రి రెండుసార్లు మూత్రానికి లేపడం, ఎంత పెట్టినా ఆకలే. అసలు ఏం జబ్బో అక్కడ ఎవరూ చూడలేదు. నా బాధ అదే.

ఇక చికెన్ మానేయమని చెప్పినవాళ్లకి లెక్కే లేదు. రెండు నెలలు ఒట్టి పెరుగన్నం పెట్టాను. బెల్లం చిక్కిపోయింది, దురద తగ్గలేదు.

దసరాకి ముందు గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి తీసుకెళ్లాను. అక్కడ మేడం గారు ముందు కుక్కని కాదు, నా పుస్తకాన్ని చూశారు. పేజీలు తిప్పి, "పోయినేడు కూడా ఇదే నెలల్లోనా అమ్మా?" అని అడిగారు. "అవునండీ, కార్తీకానికి తగ్గింది" అన్నాను. అప్పుడు పరీక్షలు మొదలుపెట్టారు.

తడి తెల్లగుడ్డ మీద బెల్లం నడుము దగ్గర బొచ్చు దువ్వారు. నల్ల నలుసులు పడి, అవి తడికి ఎర్రగా కరిగితే అది ఫ్లీ అనే రక్తం తాగే పురుగు మలం, అంటే అది తాగిన రక్తమేనన్నమాట. గుడ్డ తెల్లగానే ఉంది. ఫ్లీ అలర్జీ అయితే ఒక్క కాటు చాలు, నడుమూ తోక మొదలూ కొరుక్కుని కొరుక్కుని బోసి చేసుకుంటాయట. తర్వాత బ్లేడుతో చర్మం గీకి, నూనె చుక్కలో పెట్టి మైక్రోస్కోప్ కింద గజ్జి పురుగుల కోసం చూశారు. లేవు. ఆఖరికి మామూలు సెల్లోటేపు ముక్కని వేళ్ల సందులో అద్ది, నీలం రంగు వేసి చూశారు. "మీరూ చూడండమ్మా" అని నన్ను పిలిచారు. చిన్న చిన్న వేరుశనగ కాయల్లాంటివి, నడుము దగ్గర నొక్కినట్టు, గుంపులు గుంపులుగా. అది ఈస్ట్ అనే సూక్ష్మజీవి. పులిసిన వాసన అక్కణ్ణించే వస్తోంది.

ఆవిడ చెప్పింది నాకర్థమైనంతలో ఇది. బెల్లానికి గాలిలో, నేల మీద ఉండే వాటి వల్ల అలర్జీ ఉంది. పుప్పొడి, బూజు, దుమ్ములో కంటికి కనపడని పురుగులు, ఇలాంటివి. అటోపీ అంటారు. ఎక్కువగా ఆరు నెలలకీ మూడేళ్లకీ మధ్య బయటపడుతుంది. మనకి తుమ్ములొచ్చినట్టు వాటికి పాదాలు, చెవులు, చంకలు, పొట్ట దురద పెడతాయి. నాకి నాకి చర్మం చెమ్మగిల్లితే ఈస్ట్ చేరుతుంది, దానివల్ల ఇంకా దురద. తిండి అలర్జీ అయితే సంక్రాంతికీ గోక్కోవాలి, ఎండాకాలంలోనూ గోక్కోవాలి. అది తేల్చాలంటే కనీసం ఎనిమిది వారాలు డాక్టర్ చెప్పిన ఒకే తిండి పెట్టి, బిస్కెట్ ముక్క కూడా ఇవ్వకుండా చూడాలి. నేను చేసినట్టు కాదు. ఆ రోజు నుంచి బెల్లం మళ్లీ చికెన్ తింటోంది.

మందుల్లో ముఖ్యమైనది ఓక్లాసిటినిబ్ మాత్ర. దురద కబురు మోసుకెళ్లే సంకేతాన్ని అది అడ్డుకుంటుంది. బెల్లం బరువు చూసి రాశారు. మొదటి రెండు వారాలు రెండు పూటలా, తర్వాత రోజుకొక్కటి. మర్నాటికే తేడా కనిపించింది. ఏడాది నిండని పిల్లలకి ఇవ్వకూడదు, ఇన్ఫెక్షన్లు బాగా ఉన్నప్పుడు జాగ్రత్త, కాబట్టి నా మాట విని కొనకండి. ఖరీదు కూడా తక్కువేం కాదు. స్టెరాయిడ్‌ని ఆవిడ తిట్టలేదు. కొన్ని రోజులకి, కారణం తెలిసి, మెల్లిగా తగ్గించుకుంటూ వాడితే మంచి మందేనన్నారు.

మాత్ర కంటే ఎక్కువ ఓపిక పట్టింది స్నానం. వారానికోసారి క్లోర్‌హెక్సిడిన్, మైకొనజోల్ ఉన్న కుక్కల షాంపూ. నురుగు పది నిమిషాలు ఒంటి మీద ఉండాలి, అసలు గుట్టంతా అందులోనే ఉంది. రెండు నిమిషాల్లో కడిగేస్తే మందు నేల పాలు. ముందు పాదాలకీ గజ్జలకీ పట్టించి, తర్వాత వీపు మీదకి వస్తాను. అలా అయితే జబ్బున్న చోట ఎక్కువసేపు ఉంటుంది. దులుపుకోకుండా ముఖం నా మోకాళ్ల మధ్య పట్టుకుని, రేడియోలో రెండు పాటలయ్యేదాకా కూర్చుంటాను. తర్వాత వేళ్ల సందులు ఒక్కొక్కటే పాత నూలు గుడ్డతో ఒత్తాలి. తడి మిగిలితే మళ్లీ ఈస్టే.

2024లో ముందే సిద్ధంగా ఉన్నాం, ఆగస్టంతా అంకె మూడు దాటలేదు. సెప్టెంబరు ఒకటో తారీఖున బుడమేరు వరద. సింగ్‌నగర్‌లో ఉండే మా చెల్లెలు వాళ్లు, పిల్లలూ, తడిసిన పరుపులూ బొంతలతో సహా మా ఇంటికే వచ్చారు. ఆ పది రోజులు కుక్క మందు ఎవరికి గుర్తుంటుంది? ఇల్లంతా తేమ, బూజు వాసన. ఒక రాత్రిలో బెల్లం చెవి కింద అరచేతంత పుండు చేసుకుంది, జిగటగా రసి కారుతూ. హాట్ స్పాట్ అంటారట. చుట్టూ బొచ్చు కత్తిరించి, శుభ్రం చేసి, మెడకి గరాటా లాంటి కాలర్ కట్టారు. ఆ కాలర్‌తో గుమ్మాలకి కొట్టుకుంటూ తిరుగుతుంటే చూడలేక, అంచుకి నేను మెత్తటి పైపింగ్ కుట్టాను. అప్పటినుంచి దాని పరుపు గలీబుకి నాలుగు జతలున్నాయి. వారం వారం మరుగు నీళ్లలో నానబెట్టి ఉతికి, ఎండ ఉంటే ఎండలో, లేకపోతే ఇస్త్రీ పెట్టి ఆరబెడతాను.

చివరగా వయ్యారిభామ గురించి చెప్పాలి. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. తొలకరి పడగానే మా పక్కనున్న ఖాళీ ప్లాట్లన్నీ అదే. 1950లలో మన దేశంలో కంటపడిన మొక్క, ఇప్పుడు లేని చోటు లేదు. బెల్లం సరిగ్గా ఆ ప్లాట్ల మధ్య నుంచే, పొట్ట ఆనించుకుంటూ దూరి వెళ్లేది. పోయినేడు అక్కడ పీకుదామని చేతికి ఏమీ తొడుక్కోకుండా దిగాను. సాయంత్రానికి మోచేతుల దాకా దద్దుర్లు, మూడు రోజులు నిద్ర లేదు. దాని పొట్ట మీద ఉండేది ఇదేనా అని ఆ రాత్రి ఏడుపొచ్చింది. మేడం గారిని అడిగితే, "బెల్లానికి కారణం ఇదేనని పరీక్ష లేకుండా నేను చెప్పనమ్మా, కానీ దూరంగా ఉంచితే నష్టమేముంది" అన్నారు. ఇప్పుడు తొలకరి పడిన రెండు వారాల్లో, పూత రాకముందే, గ్లవుజులు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని వేర్లతో సహా పీకేస్తున్నాం. పక్కింటివాళ్లు కూడా వస్తున్నారు. వాకింగ్ దారి సిమెంటు రోడ్డు వైపు మార్చాను. ఇంటికి రాగానే గుమ్మం బయట టబ్బులో మామూలు నీళ్లతో నాలుగు పాదాలూ, పొట్టా కడిగి తుడవడం. ఇప్పుడు టబ్బు కనపడగానే అదే వచ్చి ముందు కాలు ఎత్తి ఇస్తోంది.

పిడుదుల, ఫ్లీల మాత్ర నెలనెలా తప్పకుండా వేస్తున్నాను. అవి లేకపోయినా సరే, అలర్జీ ఉన్న ఒంటికి ఒక్క కాటు కూడా అదనపు మంటే. ఫిట్స్ వచ్చిన కుక్క అయితే ఆ మాత్ర వేసేముందు డాక్టర్‌కి చెప్పి తీరాలి.

ఇది పూర్తిగా పోయే జబ్బు కాదని ఆవిడ మొదటి రోజే చెప్పారు. ఈ ఏడాది ఆషాఢంలోనే స్నానాలు మొదలుపెట్టాం. మాత్ర శ్రావణం రెండో వారంలో మొదలై, కార్తీక పౌర్ణమి వెళ్లాక డాక్టర్ చెబితే ఆగింది. మొత్తం మీద ఎక్కువ పడిన అంకె ఐదు, అదీ రెండు రోజులే. ముందు కాళ్లు రెండూ మళ్లీ తెల్లబడ్డాయి. వెనక ఎడమ కాలికి మాత్రం వేళ్ల చివర ఇంకా కాస్త తుప్పు రంగుంది. కొత్త బొచ్చు మొదట్లో తెల్లగానే వస్తోంది.