శ్లోకం పట్టుకుని కాశీ గల్లీల్లో

విశ్వేశం మాధవం ఢుంఢిం దండపాణిం చ భైరవం
వందే కాశీం గుహాం గంగాం భవానీం మణికర్ణికాం

మన ఇళ్లలో పెద్దవాళ్లు పొద్దున్నే చదువుకునే శ్లోకమే ఇది, కానీ కాశీ వెళ్లాక చూస్తే ఇందులో ఉన్న పేర్లన్నీ అడ్రస్‌లే! గైడ్ అక్కర్లేదు, ఒక్క పూట ఓపిక ఉంటే చాలు.

నన్నడిగితే మొదటి లైన్ చివరి పేరు నుంచి మొదలుపెట్టండి, అంటే మైదాగిన్‌లో ఆటో దిగి ముందు కాలభైరవుడి దగ్గరికి. ఆయన కాశీ కొత్వాలు, ఊళ్లోకి రావాలంటే ముందు ఆయన పర్మిషన్ అంటారు కదా. గర్భగుడిలో వెండి ముఖం ఒక్కటే కనిపిస్తుంది, పూజారి నెమలీకల కట్టతో వీపు మీద తట్టి నల్లదారం కడతాడు, మనవాళ్లు ఊరంతటికీ పంచే కాశీ దారాలు అవే.

అక్కణ్ణుంచి గల్లీలు పట్టుకుని పంచగంగ ఘాట్ వైపు వెళ్తే బిందుమాధవుడు. పాత గుడి ఔరంగజేబు కాలంలో పోయింది, ఇప్పుడు స్వామి మామూలు ఇల్లులాంటి బిల్డింగ్‌లో ఉంటాడు, చాలామంది తెలీక దాటెళ్లిపోతారు. విశ్వనాథుడి తర్వాత శ్లోకంలో రెండో పేరు ఈయనదే, శివుడి ఊళ్లో విష్ణువుకి అంత మర్యాద, అయినా మన టూర్ ప్యాకేజీల్లో ఈయన పేరే ఉండదు ఎందుకో. పక్కనే త్రైలింగ స్వామి మఠం కూడా ఉంది, విజయనగరం ప్రాంతం నుంచి వచ్చి 1887లో ఇక్కడే సమాధి అయిన మన తెలుగాయన. కార్తీకంలో ఈ ఘాట్‌లో వెదురు గడలకి బుట్టల్లో ఆకాశదీపాలు కడతారు, అప్పుడైతే మరీ బావుంటుంది.

ఇక మెట్ల మీదే గంగ పక్కన నడుస్తూ సింధియా ఘాట్‌లో ఒరిగిపోయిన రత్నేశ్వరాలయం చూసుకుని మణికర్ణికకి వచ్చేయొచ్చు (వర్షాకాలంలో కుదరదు, మెట్లు మునిగిపోతాయి). అక్కడ ఫోన్ జేబులో పెట్టేయండి, ఎవరి నాన్నో ఎవరి అమ్మో కాలుతున్నారు. కట్టెల కోసం డబ్బులివ్వమని ఎవరైనా వెంటపడితే ఆగకుండా వచ్చేయండి.

పైకెక్కితే విశ్వనాథుడు. ఈ గుడి మరాఠా రాణి అహల్యాబాయి హోల్కర్ 1780లో కట్టించింది, శిఖరాల బంగారం పంజాబ్ మహారాజు రంజిత్ సింగ్ ఇచ్చింది. ఢుంఢి గణపతి, అన్నపూర్ణమ్మ (శ్లోకంలో భవాని) ఆ చుట్టుపక్కలే. దండపాణి ఒకప్పుడు హరికేశుడనే యక్షుడు, తపస్సు చేస్తే శివుడే కాశీకి కాపలా ఇచ్చాడని కాశీఖండం చెప్తుంది, ఆయన్నీ అడిగి వెతుక్కోండి. గుహ ఒక్కటే దూరం, జైగీషవ్యుడనే మహర్షిది, ఈశ్వరగంగి వైపు, దానికి వేరే పూట పెట్టుకోవాలి.

నాకు ఈ శ్లోకంలో నచ్చేది ఏంటంటే దేవుళ్ల మధ్యలో ఊరికి కూడా దణ్ణం పెట్టారు, "కాశీం" అని. క్యూలో నిలబడి ఒక్క దర్శనం చేసుకుని వచ్చేస్తే ఆ దణ్ణం బాకీ పడ్డట్టే, గల్లీల్లో ఆవుల్ని తప్పుకుంటూ బైకులకి దారిస్తూ నడిస్తే గానీ తీరదు. అన్నట్టు విశ్వనాథ్ గల్లీలో సాక్షి వినాయకుడికి హాజరు వేయించుకోండి, యాత్ర చేశామని సాక్ష్యం చెప్పేది ఆయనే.