సున్నపు కాయలో గట్టిపడిన పెచ్చు

మా అమ్మ తాంబూలం వేసుకోవడం మానేసి చాలా ఏళ్లయింది కానీ, ఆమె ఇత్తడి సున్నపు కాయ మాత్రం ఇప్పటికీ అలమరలోనే ఉంది. ఈమధ్య సామాను సర్దుతూ మూత తీసి చూస్తే, లోపలి సున్నం పైన గట్టి పెచ్చు కట్టి అంచులకు అతుక్కుపోయి కనిపించింది. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి "ఎండిపోయింది నాన్నా, నీళ్లు పోస్తే మెత్తబడుతుంది" అంటూ రెండు చెంచాల నీళ్లు పోసింది. మర్నాటికి కూడా పెచ్చు మెత్తబడలేదు. తన సైన్సు నోటుపుస్తకంలోనేమో, వెనక్కి మళ్లేది భౌతిక మార్పు, మళ్లనిది రసాయనిక మార్పు అని రాసి, కింద ఎర్ర సిరాతో గీత గీసి ఉంది.

ఆ సూత్రం నేను చదువుకున్న రోజుల్లోనూ ఉంది, అప్పుడూ నాకు నచ్చలేదు. కుండ పగిలితే మళ్లీ కుండ కాదు. అయినా పెంకులో ఉన్నది కుండలో ఉన్న మట్టే కనుక అది భౌతిక మార్పే. పారాణి కోసం పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది, అందులో నిమ్మరసం పిండితే మళ్లీ పచ్చబడుతుంది. ఇంత సులువుగా వెనక్కి మళ్లినా అది రసాయనిక మార్పే, ఎందుకంటే పసుపులోని కుర్కుమిన్ అణువు క్షారంలో ఒక ప్రోటాన్‌ను పోగొట్టుకొని, ఆమ్లంలో దాన్ని తిరిగి తెచ్చుకుంటోంది. కాబట్టి చూడవలసింది ఉన్న పదార్థమే మిగిలిందా, కొత్త పదార్థం పుట్టిందా అన్నది. ఈ సంగతి చెప్పడానికి సున్నం కంటే మంచి ఉదాహరణ నాకు తెలిసినంతలో లేదు, ఎందుకంటే అది మూడుసార్లు రసాయనికంగా మారి, బయలుదేరిన చోటికే తిరిగి వస్తుంది.

పల్నాడులోని పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుపడ్డ ఊరు. బట్టీలోకి వెళ్లే రాయిలో ప్రధానంగా ఉన్నది కాల్షియం కార్బొనేట్. దాన్ని సుత్తితో ముక్కలు చేసినా, పిండి చేసినా అది కాల్షియం కార్బొనేట్‌గానే ఉంటుంది. దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలినప్పుడు మాత్రం అది విడిపోయి, కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోగా, కాల్షియం ఆక్సైడ్, అంటే పొడి సున్నం, మిగులుతుంది. లెక్క ప్రకారం 100 కిలోల స్వచ్ఛమైన రాయి నుంచి వచ్చే సున్నం 56 కిలోలే. తక్కిన 44 కిలోలు కంటికి కనబడకుండా పోతాయి. విచిత్రమేమిటంటే, సరిగ్గా కాలిన రాయి పరిమాణం పెద్దగా తగ్గదు, ఆకారం చెడదు, లోపల గుల్లబారుతుంది. చేతిలోకి తీసుకున్నప్పుడు తేలికగా ఉంటే కాలినట్టు, బరువుగా ఉంటే నడిమి భాగం ఇంకా రాయిగానే ఉన్నట్టు. బరువు భౌతిక ధర్మమే అయినా, లోపల జరిగిన రసాయనిక మార్పును పట్టిచ్చేది అదే.

రాయి కాలితే అంత ఘాటైన సున్నం ఎలా అవుతుందన్న ప్రశ్నకు, మంటలోని అగ్నికణాలేవో రాయిలో చేరడమే కారణమని యూరప్‌లో చాలాకాలం నమ్మారు. స్కాట్లండ్‌కు చెందిన జోసెఫ్ బ్లాక్ 1756లో ప్రచురించిన ప్రయోగాలలో త్రాసును నమ్ముకొని, కాలేటప్పుడు రాయిలోకి వచ్చి చేరేదేమీ లేదనీ, దానిలో నుంచి ఒక వాయువు వెళ్లిపోతున్నదనీ, ఆ వాయువును తిరిగి చేరిస్తే ఇంచుమించు మొదటి బరువు కలిగిన పదార్థమే మళ్లీ వస్తున్నదనీ చూపించాడు. ఆ వాయువునే మనం ఈనాడు కార్బన్ డయాక్సైడ్ అంటున్నాం.

రెండో మార్పు నా చిన్నప్పుడు సంక్రాంతికి ముందు మా పెరట్లో కళ్లారా చూసినదే. గోడలకు వెల్లవేయడానికి తెచ్చిన సున్నపు గడ్డలను గుంటలో వేసి నీళ్లు పోస్తే, కాసేపు ఏమీ జరగనట్టే ఉండి, తర్వాత గడ్డలు చిటపటమంటూ పగిలి, నిప్పు లేకుండానే నీళ్లు కుతకుత ఉడికేవి. కళ్లలో పడితే చూపు పోతుందని పెద్దలు పిల్లలను ఆ దరిదాపులకు రానిచ్చేవారు కారు, ఆ భయం సరైనదే. 56 కిలోల పొడి సున్నం 18 కిలోల నీటిని తనలో కలుపుకొని 74 కిలోల కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది. ఒక కిలో సున్నం ఇలా విరిసేటప్పుడు వెలువడే వేడి మూడు లీటర్ల మామూలు నీటిని మరిగే దాకా తేవడానికి చాలుతుంది.

ధర్మానికీ మార్పుకూ ఉన్న సంబంధం ఇక్కడే తేటపడుతుంది. గడ్డ తెల్లగా ఉందనీ, పెళుసుగా ఉందనీ తెలుసుకోవడానికి గడ్డను గడ్డగానే ఉంచవచ్చు. నీటితో కలిసి వేడెక్కుతుందన్న రసాయనిక ధర్మాన్ని పరీక్షించాలంటే మాత్రం ఆ గడ్డను ఖర్చు పెట్టుకోవలసిందే. పరీక్ష ముగిసేసరికి చేతిలో ఉన్నది వేరే పదార్థం.

మూడో మార్పు గోడ మీద జరుగుతుంది. వెల్లవేసిన గోడ తడి ఆరడం భౌతిక మార్పు, అది ఒక పూటలో అయిపోతుంది. గట్టిపడటం వేరే సంగతి: 74 పాళ్ల తడి సున్నం గాలిలో నుంచి 44 పాళ్ల కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకొని, 18 పాళ్ల నీటిని వదిలి, మళ్లీ 100 పాళ్ల కాల్షియం కార్బొనేట్ అవుతుంది, అంటే బట్టీలోకి వెళ్లిన రాయే గోడ మీద పలుచటి పొరగా తిరిగి పుడుతుంది. ఇందుకు కాస్త తేమ కూడా అవసరం కనుక, సున్నపు పూత బొత్తిగా ఎండిపోతే సరిగా గట్టిపడదు. సున్నం పని తెలిసిన మేస్త్రీలు గోడను తడుపుతూ ఉండటం అందుకే. 1591లో కట్టిన చార్మినార్ లాంటి కట్టడాలలో రాళ్లను పట్టి ఉంచిన డంగు సున్నం గట్టిపడింది ఇలా గాలిని పీల్చుకొనే, అదీ బయటి నుంచి లోపలికి, చాలా నెమ్మదిగా. గుంటలో నీటి కింద ఉంచిన సున్నం నెలల తరబడి వెన్నలా ఉండటానికి కారణం కూడా ఇదే: పైనున్న నీరు గాలిని దాని దాకా పోనివ్వదు. మా నాయనమ్మ సున్నపు కాయలో రోజూ నాలుగు చుక్కల నీళ్లు ఎందుకు వేసేదో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే పాలలా మారే ప్రయోగమూ ఈ మూడో మార్పే. బడిలో అక్కడితో ఆపేస్తారు, అది నాకు వెలితిగా తోస్తుంది. ఇంకా ఊదుతూ పోతే ఆ తెలుపు కరిగి నీరు మళ్లీ తేటపడుతుంది, ఎందుకంటే కాల్షియం కార్బొనేట్ నీటితోనూ మరింత కార్బన్ డయాక్సైడ్‌తోనూ కలిసి, నీటిలో కరిగే బైకార్బొనేట్‌గా మారుతుంది. వాన నీరు కొండలోని సున్నపురాయిని కరిగించుకుపోయేది ఈ దారినే. గుహ పైకప్పు నుంచి చుక్క వేలాడేటప్పుడు వాయువు తప్పించుకుపోతే రాయి తిరిగి బయటపడుతుంది. బొర్రా గుహల్లో కప్పు నుంచి దిగిన రాతి ఊడలు అలా ఏర్పడ్డవే. మా బోరు నీళ్లు మరిగించే కెటిల్ అడుగున కట్టే తెల్లటి పెచ్చు వాటికి దగ్గరి చుట్టం.

మా అమ్మాయి ఇదంతా విని, "అయితే కాయలో ఉన్నది ఎండిన సున్నమో, రాయో ఎలా తెలుస్తుంది?" అంది. కొట్టు నుంచి తాజాగా తెచ్చిన సున్నాన్ని ఒక పళ్లెంలో, కాయలో నుంచి గీకిన పెచ్చును ఇంకో పళ్లెంలో పెట్టి, రెండింటి మీదా నిమ్మరసం పిండాము. తాజా సున్నం చప్పుడు లేకుండా కరిగింది. పెచ్చు మీద మాత్రం సన్నటి బుడగలు లేచాయి, మా అమ్మాయి చెవి దగ్గర పెట్టుకొని ఆ సుయ్‌మనే చప్పుడు విన్నది.