రాత్రి మూడింటి షుగర్

టైప్ వన్ షుగర్ జబ్బులో నన్ను సూదికన్నా ఎక్కువ బాధపెట్టింది రాత్రి భయం. నిద్రలో షుగర్ పడిపోతే మెలకువ రాదేమోనని పడుకునేముందు కావాలనే 250 దాకా ఉంచేసుకునేదాన్ని. చాలామందిమి చేసే పని ఇదే. తెల్లారేసరికి నోరు పిడచకట్టుకుపోతుంది, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏవన్‌సీ పరీక్ష చూస్తే ఏడుపొస్తుంది.

ముందు ఆ భయం ఎక్కణ్నించి వస్తోందో పట్టుకోవాలి. వారం పాటు రాత్రి పదింటికి, మూడింటికి, లేవగానే షుగర్ చూసి రాశాను. పక్కనే ఆ సాయంత్రం ఏం చేశానో కూడా. బాగా నడిచిన రోజుల్లోనే మూడింటికి 70 కిందికి దిగుతోంది. ఖర్చయిన చక్కెరని కండరాలు ఆ రాత్రంతా రక్తంలోంచి లాక్కుంటూనే ఉంటాయి. విజయనగరంలో సిరిమాను చూడ్డానికి జనంలో గంటలకొద్దీ తిరిగితే జాగ్రత్త కావలసింది ఆ పూటకే కాదు, ఆ రాత్రికి కూడా. ఆ నోటుబుక్కు చూశాకే మా డాక్టరుగారు రాత్రి ఇన్సులిన్ తగ్గించారు. ఎంత తగ్గించాలన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, సొంతంగా మార్చకండి.

వణుకు, చెమట, గుండెదడ షుగర్ పడినా వస్తాయి, ఉత్త భయానికీ వస్తాయి. రెండింట్లోనూ ఒంట్లో ఊరే అడ్రినలిన్ అనే హార్మోనే కారణం. అందుకే వీలున్నంతవరకు ముందు స్ట్రిప్పు మీద రక్తపు చుక్కతో షుగర్ చూసుకోవాలి. చెయ్యి కడుక్కునే గుచ్చుకోవాలి. వేలికి బెల్లం అంటుకుని ఉంటే 60 ఉన్నది 150 అని చూపించొచ్చు. మిషను అందుబాటులో లేకపోతే పడిపోయిందనుకుని తీపి తాగెయ్యడమే. మూడు చెంచాల పంచదార, అంటే సుమారు 15 గ్రాములు, అరగ్లాసు నీళ్లలో. చాక్లెట్, అరిసె వద్దు, అందులో కొవ్వు చక్కెరని ఆలస్యం చేస్తుంది. పావుగంట ఆగి మళ్లీ చూడాలి, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే.

ఆ పావుగంటే గండం. అంకె పెరిగినా వణుకు వెంటనే తగ్గదు, ఆకలి ఆగదు. అప్పుడు దొరికిందల్లా తినేస్తే పొద్దున్నకి 300. తప్పు చేశానన్న కోపంతో ఇన్సులిన్ ఎక్కువ వేసుకుంటే మధ్యాహ్నానికి మళ్లీ పడిపోతుంది. అందుకని లైటేసుకుని, ఫోన్లో పావుగంట పెట్టుకుని, మంచం మీదే కూర్చుంటాను. వంటింట్లోకి వెళ్లను. మెదడుకి చక్కెర చాలక చిరాకు కమ్మేస్తుంది. అప్పుడన్న మాటల్ని ఇంట్లోవాళ్లు మనసులో పెట్టుకోకూడదు.

“ఏటమ్మా, ఎంతొచ్చింది?” అని మా అమ్మ పరీక్ష మార్కులడిగినట్టు అడిగేది. నేను అంకెలు దాచడం మొదలుపెట్టాను. దాచిన అంకెతో డాక్టరు డోసెలా సరిచేస్తారు? ఇప్పుడు అమ్మ అడిగేది “ఏటైనా కావాలా?” అని మాత్రమే. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలని అమ్మకి నేర్పాను.

తీపి తినేసి తెచ్చుకున్నావంటారు చుట్టాలు. కాదు, ఒంట్లోని రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్ని చంపేస్తుంది. చెట్టుమందు తాగి ఇన్సులిన్ మానేస్తే ఒకట్రెండు రోజుల్లోనే వాంతులు, ఆయాసంతో ప్రాణం మీదికొస్తుంది.

తలగడ పక్కన పంచదార పొట్లం పెట్టకండి, చీమలు పట్టేస్తాయి. చిన్న స్టీలు డబ్బాలో మూడు చెంచాలు కొలిచి పోసి మూత బిగించండి, వణికే చేత్తో తెరవగలిగేంతే.